పాత హోండా సిటీకి కొత్త ఈసీయూ: మ్యాప్ ఎవరి దగ్గర ఉండాలి?

“పాత కారుకు బయటి ఈసీయూ పెట్టించినవంటే ఆ కారును నువ్వే ఖతం చేసుకున్నట్టు. ఒరిజినల్ తీసేసినంక ఇంకేం మిగిలింది?” కరీంనగర్‌లో ఉండే నా దోస్తు మొన్న ఫోన్లో అన్న మాట ఇది. ఈసీయూ అంటే ఇంజిన్‌కు ఎంత పెట్రోలు పోయాలో, స్పార్క్ ఎప్పుడు ఇవ్వాలో చూసుకునే కంప్యూటర్ పెట్టె. బయటిది అంటే కారు కంపెనీది కాకుండా వేరేగా కొనేది. అతనిది పాత మారుతి బలెనో. ఇప్పుడు రోడ్ల మీద కనిపించే హ్యాచ్‌బ్యాక్ కాదు, అంతకు ముందు వచ్చిన 1.6 లీటర్ సెడాన్. ముచ్చటపడి బెంగళూరు దాకా తీసుకెళ్లి ఒక షాపులో బయటి ఈసీయూ పెట్టించుకున్నాడు. ఏడాది తిరక్కుండానే విసిగిపోయాడు. అతని బాధ నాకు పూర్తిగా అర్థమైంది. కానీ అతను తేల్చిన తీర్పుతో మాత్రం ఏకీభవించలేకపోతున్నాను.

నా ఏపీ 36 నంబరు హోండా సిటీ వీటెక్ ఇప్పుడు నడుస్తున్నది బయటి ఈసీయూ మీదే. దాన్ని వరంగల్‌లోనే, మన దగ్గర పనిచేసే మనుషుల సాయంతో బిగించాం. కాబట్టి ఈ విషయంలో నాకొక గట్టి అభిప్రాయం ఉంది. ఫ్యాక్టరీ ఈసీయూ పనికిరాకుండా పోయినప్పుడు కొత్తది పెట్టుకోవడంలో తప్పేమీ లేదు. అయితే అందులో రాసిన మ్యాప్, అంటే పెట్రోలు, స్పార్క్ అంకెల పట్టిక, కారు యజమాని చేతికి రాకపోతే, ఆ పని ఎంత గొప్ప ట్యూనర్ (ఆ అంకెలు సరిచేసేవాడు) చేసినా చేయించుకోవద్దు. నా దోస్తు దగ్గర చెడింది పెట్టె కాదు. పెట్టెకు వేసిన తాళం, అంటే పాస్‌వర్డ్.

నా సిటీ వీటెక్‌ను నేను స్పోర్ట్స్ కారు అనే అంటాను. అదెలా అయింది, అది నాలుగు తలుపుల సెడాన్ కదా అని కొందరు అడుగుతారు. 2000 ప్రాంతంలో మన దేశంలో మామూలు జీతగాడు కొనగలిగే స్పోర్ట్స్ కార్లు ఏమున్నాయో గుర్తు తెచ్చుకోండి. రెండు సీట్ల శాన్ స్టార్మ్ ఉండేది, అందులో రెనో 1.2 లీటర్ ఇంజిన్. అలాంటప్పుడు 1.5 లీటర్ల ఇంజిన్‌తో 106 హార్స్‌పవర్ ఇచ్చి, ఐదు వేల ఆర్పీఎం దగ్గర గొంతు మార్చే సిటీయే మా తరానికి స్పోర్ట్స్ కారు. ఆ తర్వాత 2003లో వచ్చిన సిటీకి 77 హార్స్‌పవరే ఇచ్చారు. పాతవాటిని పట్టుకుని వదలని వాళ్లు ఇప్పటికీ ఉన్నారంటే అందుకే.

ముందు రిలే చూడండి

కొత్త ఈసీయూ పెడదాం అని నా దగ్గరికి వచ్చే ప్రతి హోండా యజమానికీ నేను ముందు చెప్పేది, పెట్టకుండా ఉండే దారి వెతకమనే. ఈసీయూ పోయింది అని మెకానిక్ చెప్పిన కార్లలో చాలావాటికి అసలు పోయింది మెయిన్ రిలే.

పాత హోండాల్లో డ్యాష్‌బోర్డు కింద పీజీఎం-ఎఫ్ఐ మెయిన్ రిలే అని ఒక చిన్న డబ్బా ఉంటుంది. తాళం తిప్పగానే ఈసీయూకి కరెంటు ఇచ్చేదీ, పెట్రోలు పంపును నడిపించేదీ అదే. దాని లోపలి బోర్డు మీద సాల్డరింగ్ ఏళ్ల తరబడి వేడికి, అదురుకి వెంట్రుకవాసి పగులుతుంది. చల్లగా ఉన్నంతసేపు పగులు అంచులు ఆనుకునే ఉంటాయి. మే నెలలో హన్మకొండ సుబేదారిలో ఏ ఆఫీసు పనికో వెళ్లి మధ్యాహ్నం ఎండలో కారు పెట్టి వచ్చారనుకోండి, ఆ వేడికి అంచులు విడిపోతాయి. స్టార్టర్ బాగానే తిరుగుతుంది, ఇంజిన్ మాత్రం అందుకోదు. సాయంత్రం ఏడింటికి ఏమీ ఎరగనట్టు ఒక్క సెల్ఫుకే స్టార్ట్ అవుతుంది. దాంతో కంప్యూటర్ వేడెక్కి హ్యాంగ్ అవుతోంది అని తేల్చేస్తారు.

తాళం ఆన్ చేసి, స్టార్ట్ చేయకుండా, అద్దాలు ఎత్తి చెవి వెనక సీటు వైపు పెట్టండి. రెండు సెకన్ల పాటు పంపు సన్నగా మోగాలి. కారు వేడి మీద స్టార్ట్ కానప్పుడు ఆ చప్పుడు కూడా లేకపోతే ముందు అనుమానించాల్సింది రిలేనే. సాల్డరింగ్ ఐరన్ ఉన్న ఎవరైనా దాన్ని పది నిమిషాల్లో బాగుచేస్తారు. లేదా రిలే కొత్తది వేసుకోవచ్చు. ఇంతటితో పని అయిపోయేదానికి ఇంజిన్ వైరింగ్ మొత్తం కోయించుకున్న వాళ్లను నేను చూశాను.

నా కారు ఆ దశ దాటిపోయింది. ఈసీయూ మూత తీస్తే కెపాసిటర్ల నుంచి కారిన ద్రవం బోర్డు మీద పాకి, ఒకచోట రాగి గీతను తినేసింది. హన్మకొండలో ఇన్వర్టర్లు, టీవీలు బాగుచేసే అన్న ఒకాయన కొత్త కెపాసిటర్లు వేసి, తెగిన గీత మీదుగా సన్నని వైరు కలిపి నడిపించాడు. కొన్ని నెలలకు మళ్లీ మొదటికొచ్చింది. పాత సామాను మార్కెట్లో ఇంకో ఈసీయూ దొరుకుతుంది గానీ దాని కెపాసిటర్ల వయసూ అంతే కదా. బయటి ఈసీయూ గురించి నేను ఆలోచించింది అప్పుడే. పవర్ పెంచుకుందామన్న కోరిక అందులో లేదు.

ఫ్యాక్టరీ వాళ్లు చేసినది చిన్న పని కాదు

నా దోస్తు మాటలో బలం ఉన్నది ఇక్కడే, దాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. ఒక కారు బయటికి వచ్చేముందు కంపెనీ ఇంజినీర్లు దాన్ని చలిలో, ఎండలో, కొండల మీద, ట్రాఫిక్‌లో నెలల తరబడి నడిపి అంకెలు సరిచేస్తారు. ఏసీ స్విచ్ నొక్కగానే కంప్రెసర్ వెంటనే పట్టుకోదు. ఈసీయూ ముందు, యాక్సిలరేటర్ తొక్కనప్పుడు ఇంజిన్‌కు గాలి ఇచ్చే ఐడిల్ వాల్వు తెరిచి కాస్త ఎక్కువ గాలి ఇచ్చి, ఆ తర్వాతే కంప్రెసర్ క్లచ్‌కు కరెంటు పంపుతుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు, ఫ్యాన్ తిరిగినప్పుడు, యాక్సిలరేటర్ వదిలి గేరులో దిగుతున్నప్పుడు, ఇలాంటి చిన్నచిన్న సందర్భాలు ఎన్నో ఉంటాయి. డ్రైవర్‌కు ఇవేవీ తెలియవు. తెలియకపోవడమే ఆ ఇంజినీర్ల గొప్పతనం.

బయటి ఈసీయూలో ఇవన్నీ మళ్లీ మొదటి నుంచి మనమే చేసుకోవాలి. ఒక్క రోజులో డైనో (కారును నిలబెట్టే పవర్ కొలిచే యంత్రం) మీద ట్యూన్ చేసి ఇచ్చేస్తాం అంటారు. ఆ ఒక్క రోజులో ఫుల్ థ్రాటిల్ (యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పటి) అంకెలు వస్తాయి, కాగితం మీద గ్రాఫు వస్తుంది. పొద్దున్నే చల్లటి ఇంజిన్ ఎలా అందుకుంటుందో, ఏసీ వేసి హన్మకొండ చౌరస్తాలో నిలబడితే ఐడిల్ ఎలా ఉంటుందో ఆ రోజు చూసే వీలే ఉండదు. ఆ పని తర్వాతి వారాల్లో, రోజువారీ డ్రైవింగ్‌లో, కొంచెం కొంచెంగా జరగాలి. జరగాలంటే మ్యాప్ తెరవగలగాలి. నా వాదన అంతా చివరికి దీనిమీదే ఆధారపడి ఉంది.

అందుకే ఒరిజినల్ ఈసీయూ బాగుండి, ఇంజిన్ కూడా స్టాక్‌గానే, అంటే కంపెనీ ఇచ్చినట్టే ఉంటే దాని జోలికి వెళ్లవద్దనే నా మాట. క్యామ్ (వాల్వులు తెరిచే షాఫ్ట్) మార్చారు, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు పెద్దవి వేశారు, లేదా నాలా పెట్టె చచ్చిపోయింది, అప్పుడు వేరే సంగతి.

సగానికి పైగా పని వైరింగ్‌దే

జనం ఏ బ్రాండ్ పెట్టావు అని అడుగుతారు. హాల్‌టెక్, లింక్, మోటెక్ లాంటివి చాలా మంచివి, బయటి నుంచి తెప్పించుకోవాలి, ఖర్చు కూడా ఆ స్థాయిలోనే ఉంటుంది. అమెరికాలో బౌలింగ్, గ్రిప్పో అనే ఇద్దరు మొదలుపెట్టిన మెగాస్క్విర్ట్ ఉంది. ఆర్డుయినో మెగా బోర్డు మీద నడిచే స్పీడుయినో ఉంది, దాని డిజైన్ మొత్తం ఎవరైనా చూసుకోవచ్చు. నాది మెగాస్క్విర్ట్. బ్రాండు ఏదైనా, వైరింగ్ చెత్తగా చేస్తే అన్నీ ఒకేలా సతాయిస్తాయి.

మా వైరింగ్ అన్న ముప్పై ఏళ్లుగా అంబాసిడర్ల నుంచి అన్నీ చూసినవాడు. సెన్సర్ల ఎర్త్ వైర్లు బాడీకి కాకుండా తిరిగి ఈసీయూకే తీసుకెళ్లాలి అని చెప్తే మొదట నమ్మలేదు. “ఎర్తంటే ఎర్తే గదా సార్, బాడీ అంత ఒక్కటే” అన్నాడు. ఆయన మాట హెడ్‌లైట్లకు, హారన్‌కు నిజమే. నేను వాదించలేదు. ఇంజిన్ వేడి చూపే సెన్సర్ వైరును ఆయన చెప్పినట్టే బాడీకి కలిపి, ల్యాప్‌టాప్ ఆయన ముందు పెట్టాను. రేడియేటర్ ఫ్యాన్ తిరగడం మొదలవగానే తెర మీద ఇంజిన్ వేడి ఉన్నట్టుండి కొన్ని డిగ్రీలు మారింది. ఫ్యాన్ ఆగింది, అంకె వెనక్కి వచ్చింది. నిజానికి ఇంజిన్ వేడి మారలేదు, ఫ్యాన్ లాగిన కరెంటుకు బాడీ ఎర్తే కదిలింది. ఆయన ఫ్యాన్ కప్లర్ తనే పీకి, పెట్టి, మళ్లీ పీకి చూశాడు. “గిప్పుడు సమజైంది” అని మొత్తం ఎర్త్‌లు విప్పి మళ్లీ కలిపాడు. సెన్సర్లవి వేరే, కాయిళ్లు, ఇంజెక్టర్లవి ఇంజిన్ బ్లాకు మీద వేరే. అప్పటి నుంచి ఆయన కలిపిన జాయింట్ ఒక్కటి కూడా నన్ను ఇబ్బంది పెట్టలేదు.

వైరింగ్‌లాగే జాగ్రత్తగా చూడాల్సింది ఇంకొకటి ఉంది. క్రాంక్ (పిస్టన్లు తిప్పే షాఫ్ట్) ఎక్కడుందో ఈసీయూకి తెలియజేసే సిగ్నల్. పాత సిటీలో ఆ సెన్సర్లు, కాయిల్, ఇగ్నైటర్ అన్నీ స్పార్క్‌ను సిలిండర్లకు పంచే డిస్ట్రిబ్యూటర్ లోపలే. డిస్ట్రిబ్యూటర్‌ను తిప్పేది క్యామ్ షాఫ్ట్, క్యామ్‌ను తిప్పేది టైమింగ్ బెల్టు. బెల్టు సాగుడు, బేరింగ్ ఆట అంతా ఆ సిగ్నల్‌లో కలుస్తుంది. కంపెనీ దాన్ని లెక్కలో పెట్టుకునే ఈసీయూ చేసింది. మనం అంతకంటే శుభ్రమైన సిగ్నల్ కావాలనుకుంటే నేరుగా క్రాంక్ పుల్లీ మీద పళ్ల చక్రం బిగించాలి. 36 పళ్లకు జాగా ఉండి, అందులో ఒకటి లేకుండా చేసిన చక్రం. పన్నుకీ పన్నుకీ మధ్య 10 డిగ్రీలు. ఆ ఖాళీ కనపడగానే ఈసీయూకి క్రాంక్ ఎక్కడుందో తెలిసిపోతుంది.

దీన్ని ఆన్‌లైన్లో తెప్పించుకోవచ్చు. మాది ఆటోనగర్‌లో చేయించాం. లేత్ వర్క్స్ ఆయన ఎక్కువగా బోర్‌వెల్ బండ్లు, ట్రాక్టర్ల సామాను చేస్తాడు. డివైడింగ్ హెడ్ మీద ప్లేటు బిగించి, ఒక్కో పన్నుకు చేత్తో తిప్పి లాక్ చేసి, కటర్ దించి, మళ్లీ తిప్పి, అలా మధ్యాహ్నమంతా కూర్చున్నాడు. అయిపోయాక పుల్లీకి బిగించి డయల్ గేజి పెట్టి చూశాడు. ముల్లు కదిలింది. చక్రం కొంచెం ఊగుతోంది. నాకు చాలు అనిపించింది గానీ ఆయన ఒప్పుకోలేదు. మళ్లీ విప్పి, కూర్చునే చోటు ఫేసింగ్ కొట్టి, ముల్లు దాదాపు నిలబడేదాకా వదల్లేదు. సెన్సర్‌కూ పన్నుకూ మధ్య ఉండాల్సింది మిల్లీమీటరు అటూఇటూ. అందులో ఊగుడు ఎంత ఉంటే ఎత్తు ఆర్పీఎంలో సిగ్నల్ అంత తేడాగా వస్తుంది. ఇంత పనితనం మన ఊళ్లోనే ఉందని చెప్పడానికే ఇదంతా వివరంగా రాస్తున్నాను.

దాని తర్వాత స్పార్క్ పడ్డప్పుడల్లా వెలిగే టైమింగ్ లైట్ పెట్టి చేసే ఒక పరీక్ష ఉంది. ఎవరి దగ్గర పని చేయించినా ఇది మీ కళ్ల ముందు చేయమని అడగండి. ఈసీయూకి పిస్టన్ పైకొసకు చేరే 10 డిగ్రీల ముందే స్పార్క్ ఇవ్వు, మార్చొద్దు అని చెప్పి, ఐడిల్ నుంచి నాలుగు వేల ఆర్పీఎం దాకా రేజ్ చేయాలి. పుల్లీ మీద గీత ఉన్నచోటే నిలబడాలి. ఆర్పీఎం పెరిగేకొద్దీ గీత జరుగుతోందంటే, చాలాసార్లు సెన్సర్ రెండు వైర్లు తారుమారయ్యాయని అర్థం. కారు అప్పటికీ నడుస్తుంది, స్క్రీన్ మీద అంకెలన్నీ సరిగ్గానే కనిపిస్తాయి. ఇంజిన్‌కు అందే టైమింగ్ మాత్రం వేరు. ఈ తేడా మీద కూర్చుని ఎంత ట్యూన్ చేసినా దండగే.

బెంగళూరు గాలి వేరు, మన గాలి వేరు

ఇప్పుడు నా దోస్తు కథకు వస్తాను. అతని బలెనోకు బెంగళూరులో డైనో మీద ట్యూన్ చేశారు. అక్కడ బ్రహ్మాండంగా నడిచింది. కరీంనగర్ వచ్చాక, మానేరు డ్యాం వైపు ఖాళీ రోడ్డు మీద మూడో గేరులో ఫుల్‌గా తొక్కితే ఇంజిన్ నాక్ కొట్టింది, అంటే లోపల పెట్రోలు అదుపు తప్పి మండి, రేకు డబ్బాలో గులకరాళ్లు ఊపిన చప్పుడు. పెట్రోలు కల్తీ అన్నారు. బంకు మార్చాడు. అదే చప్పుడు.

ఇంజిన్ మ్యాప్ అంటే ఒక పెద్ద పట్టిక. అడ్డంగా ఆర్పీఎం, నిలువుగా మానిఫోల్డులో (ఇంజిన్‌లోకి గాలి పోయే గొట్టాల్లో) గాలి ఒత్తిడి. ప్రతి గడిలో ఎంత పెట్రోలు పోయాలి, స్పార్క్ ఎన్ని డిగ్రీల ముందు ఇవ్వాలి అన్న అంకె ఉంటుంది. టర్బో లేని ఇంజిన్‌లో ఫుల్ థ్రాటిల్ కొట్టినా మానిఫోల్డు ఒత్తిడి బయటి గాలి ఒత్తిడిని దాటి పెద్దగా పోలేదు. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది. అక్కడ బయటి ఒత్తిడే సుమారు 91 కిలోపాస్కల్స్. కరీంనగర్, వరంగల్ 300 మీటర్లకు అటూఇటూ. ఇక్కడ 97, 98 దాకా వెళ్తుంది. అంటే పట్టికలో పై వరుసల్లోకి బెంగళూరులో ఆ ఇంజిన్ అడుగే పెట్టలేదు. ఆ గడుల్లో ఉన్నవి ఎవరూ నడిపి చూడని అంకెలు. జాగ్రత్తపరుడైన ట్యూనర్ అక్కడ స్పార్క్ కొంచెం వెనక్కి పెట్టి, పెట్రోలు కొంచెం ఎక్కువ పోసి పంపుతాడు. ఇతని మ్యాప్‌లో ఏముందో ఎవరికీ తెలియదు, ఎందుకంటే దానికి పాస్‌వర్డ్ ఉంది.

ఆ పై వరుసల్లో స్పార్క్ రెండు మూడు డిగ్రీలు తగ్గిస్తే బహుశా అయిపోయేది. ల్యాప్‌టాప్ ముందు పావుగంట పని. షాపువాళ్లు కారు బెంగళూరుకు తెమ్మన్నారు, ఏడువందల కిలోమీటర్లకు పైగా. కొన్నాళ్లకు ఫోన్ ఎత్తడమే మానేశారు. అతను ఇప్పుడు యాక్సిలరేటర్ సగానికి మించి తొక్కకుండా నడుపుకుంటున్నాడు. డబ్బు పోసి కొనుక్కున్న వస్తువు, తన ఇంజిన్‌కే పొంచి ఉన్న ప్రమాదం, దాన్ని తనే తెరిచి చూసే హక్కు లేదు. నాకు దీనిమీద చాలా కోపంగా ఉంది.

హైదరాబాద్‌లో ట్యూన్ చేయించుకుంటే తేడా తగ్గుతుంది, పూర్తిగా పోదు. అది 500 మీటర్ల పైనే ఉంది. నా కారుకు ఫుల్ లోడ్ అంకెలు అక్కడి డైనో మీదే చూసుకుని, పై వరుసలు ఇక్కడికి వచ్చాక జాగ్రత్తగా సరిచేసుకున్నాం. పబ్లిక్ రోడ్డు మీద రెడ్‌లైన్ దాకా కొట్టి ట్యూన్ చేసే అలవాటు మన కుర్రాళ్లలో ఉంది, అది వద్దు. మనుషులు నడిచే రోడ్డు అది.

ఇక మన ఎండ సంగతి. గాలి 25 డిగ్రీల నుంచి 45 డిగ్రీలకు వేడెక్కితే అంతే జాగాలో గాలి సుమారు ఆరు శాతం తగ్గుతుంది. దానికి తగ్గట్టు పెట్రోలు కూడా తగ్గించాలి, ఈసీయూ తగ్గిస్తుంది. ఇక్కడిదాకా సరే. కానీ గాలి వేడి చూసే సెన్సర్ మానిఫోల్డు లోహంలోనే బిగించి ఉంటుంది. కారు పది నిమిషాలు ఎండలో ఆపితే బానెట్ కింది వేడికి ఆ సెన్సర్ కాలిపోతూ, గాలి ఎంతో వేడిగా ఉందని చెప్తుంది. ఈసీయూ నమ్మి పెట్రోలు మరీ తగ్గిస్తుంది. స్టార్ట్ చేసి కదిలిస్తే ఇంజిన్ రెండుసార్లు దగ్గి ఆగిపోతుంది. చల్లటి దేశాల్లో తయారైన బేస్ మ్యాపుల్లో (మొదలుపెట్టడానికి ఇచ్చే మ్యాపుల్లో) పొద్దుటి కోల్డ్ స్టార్ట్ గురించి ఎంతో శ్రద్ధ ఉంటుంది. ఉత్తర తెలంగాణలో మనకు నిద్రపట్టనివ్వనిది మధ్యాహ్నం హాట్ రీస్టార్ట్. గాలి వేడిని బట్టి పెట్రోలు తగ్గించే పట్టికలో బాగా వేడి వైపున్న చివర ఆ కోత తగ్గించాలి. అది మే నెల మధ్యాహ్నం రెండింటికి, ఇక్కడ, కారు పక్కన నిలబడి చేయాల్సిన పని. జనవరిలో ఇంకో ఊళ్లో కూర్చుని చేసేది కాదు.

ఇథనాల్ లెక్క

2025 నుంచి బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. నా కారు పుట్టినప్పుడు ఇలాంటి పెట్రోలు ఎవరి ఊహలోనూ లేదు. మామూలు పెట్రోలు పూర్తిగా మండటానికి బరువు లెక్కన ఒక పాలు పెట్రోలుకు 14.7 పాళ్ల గాలి కావాలి. వట్టి ఇథనాల్‌కు 9 పాళ్లు చాలు. ఇరవై శాతం కలిపితే 13.5 దగ్గర తేలుతుంది. అంటే అంతే గాలికి ఇదివరకటి కంటే సుమారు ఎనిమిది తొమ్మిది శాతం ఎక్కువ పోయాలి.

దీని మీద భయాలు కొంచెం ఎక్కువే ప్రచారం అయ్యాయి. నిదానంగా వెళ్తున్నప్పుడు సైలెన్సర్ పైపులోని ఆక్సిజన్ సెన్సర్ తేడా పసిగట్టి పాత ఈసీయూ చేతే ఎక్కువ పోయిస్తుంది. ఫుల్ థ్రాటిల్‌లో మాత్రం పాత ఈసీయూ ఆ సెన్సర్ మాట వినదు, ఫ్యాక్టరీలో రాసిన అంకెలే దానికి ప్రమాణం. అక్కడ మిశ్రమం పలచబడుతుంది. ఫ్యాక్టరీ వాళ్లు అక్కడ ముందే కాస్త ఎక్కువ పోసి ఉంచుతారు కాబట్టి ఇంజిన్ రేపే చెడిపోదు. పైగా ఇథనాల్‌కు నాకింగ్‌ను ఆపే గుణం ఉంది. కొత్త ఈసీయూ ఉన్నవాడు ఈ మంచిని వాడుకుని, ఆ లోటును పూడ్చుకోగలడు. పాత రబ్బరు పైపులు, పంపు, సీళ్ల మీద ఇథనాల్ చూపే ప్రభావాన్ని మాత్రం ఏ ఈసీయూ ఆపలేదు. పైపులు మార్చకుండా ఈసీయూ మీద డబ్బు పెట్టడం వరస తప్పిన పని.

పెట్రోలు ఇలా ఒకసారి మారింది, మళ్లీ మారవచ్చు. పెట్రోలు మారిన ప్రతిసారీ సరిచేసుకోగలగాలంటే మళ్లీ మ్యాప్ దగ్గరికే రావాలి.

చట్టం గురించి నా మనసులో ఉన్నది

మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 52 ఉంది. తయారీదారు చెప్పిన లక్షణాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదు అంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దాన్నే గట్టిగా చెప్పింది. అక్షరాలా చదివితే అందులో మాలాంటి వాళ్లకు ఊరటేమీ లేదు. ఈసీయూ కనపడే వస్తువు కాదు కాబట్టి ఎవరూ పట్టుకోరు అనే వాదన నాకు నచ్చదు. పట్టుకోకపోవడం వేరు, ఒప్పు కావడం వేరు.

నేను చేసుకున్న సర్దుబాటు ఇది. పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ తీయలేదు, తీయను. పొల్యూషన్ టెస్టులో వచ్చే అంకెలు ఒరిజినల్ ఈసీయూ బాగున్నప్పటి కంటే చెడిపోకుండా చూసుకుంటాను. ఇన్సూరెన్స్ వాళ్లకు రాతపూర్వకంగా చెప్పాను. కారు పాత వైరింగ్ ఒక్కటి కూడా కోయలేదు. పాత ఈసీయూ కప్లర్లకు సరిపడే అడాప్టర్ చేసుకున్నాం, కాబట్టి బాగుచేసిన ఒరిజినల్ పెట్టె దొరికిన రోజు దాన్ని తిరిగి గుచ్చేయవచ్చు. పదిహేనేళ్లు దాటిన బండికి ఐదేళ్లకోసారి ఫిట్‌నెస్, రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఎలాగూ ఉన్నాయి. అప్పుడే ఇలాంటి మార్పులను పొగ పరీక్షతో తనిఖీ చేసి ఆర్సీలో రాసుకునే పద్ధతి ఉంటే బాగుంటుందని నా కోరిక. కంపెనీ సామాను ఇవ్వడం మానేసిన బండిని యజమాని నిజాయితీగా నడుపుకోవడానికి ఒక దారి ఉండాలి.

ట్యూనర్ల మాట కూడా వినాలి

పాస్‌వర్డ్ ఎందుకు వేస్తారని హైదరాబాద్‌లో ఈ పని చేసే ఒకాయన్ని సూటిగా అడిగాను. ఆయన చెప్పిన కారణాలు కొట్టిపారేసేవి కావు. “నేను రాత్రింబగళ్లు కూర్చుని చేసిన మ్యాప్‌ను ఒకడు కాపీ కొట్టి ఇంకో ఇరవై కార్లకు ఎక్కిస్తాడు. అంతకంటే ఘోరం, కస్టమర్ ఇంట్లో కూర్చుని స్పార్క్ నాలుగు డిగ్రీలు పెంచుతాడు, పిస్టన్ పోతుంది, పేరు నాది పోతుంది” అన్నాడు. రెండో మాట నన్ను చాలాసేపు ఆలోచనలో పడేసింది. అది జరిగే పనే.

అయినా నా మనసు మారలేదు. ఒక ఇంజిన్ మ్యాప్ ఇంకో ఇంజిన్‌కు అలాగే సరిపోదు. అరుగుదల వేరు, ఇంజెక్టర్లు వేరు, ఎగ్జాస్ట్ వేరు. కాపీ కొట్టినవాడికి దొరికేది మంచి మొదలు మాత్రమే. ఆ కష్టానికి ఇంకొంచెం ఎక్కువ డబ్బు అడిగితే ఇవ్వడానికి నాలాంటి వాళ్లు సిద్ధంగా ఉన్నారు. రెండో భయానికి మందు కాగితం. డెలివరీ రోజున ఫైలు ఒకటి తేదీ వేసి షాపు దగ్గర, అదే ఫైలు కస్టమర్ దగ్గర, ఇద్దరి సంతకాలు. ఆ తర్వాత కస్టమర్ మారిస్తే బాధ్యత కస్టమర్‌దే. ఫైళ్లు రెండూ పక్కపక్కన పెడితే ఎవరు ఏ అంకె మార్చారో వెంటనే తేలుతుంది. తాళం వేస్తే ట్యూనర్ పేరు నిలబడుతుందని ఆయన నమ్మకం. కరీంనగర్‌లో ఒక బలెనో నాక్ కొడుతూ తిరుగుతున్నప్పుడు ఆ షాపు పేరు ఏం నిలబడింది?

ఇంకొకటి, మా వైపు ఊళ్లకు ఇది ఎక్కువ వర్తిస్తుంది. మహానగరంలో ఉన్నవాడు సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ ట్యూనర్ దగ్గర ఆగగలడు. మంచిర్యాలలోనో భూపాలపల్లిలోనో ఉన్నవాడికి దగ్గరలో ఉన్నది తన మెకానిక్, తన వైరింగ్ అన్న. ఎన్ఐటీలో మెకానికల్ చదివే తమ్ముళ్లు ఇద్దరు నాకు లాగ్ ఫైళ్లు (కారు నడుస్తున్నప్పుడు ఈసీయూ నమోదు చేసిన అంకెలు) చదవడంలో చాలా సాయం చేశారు. గాలి-పెట్రోలు నిష్పత్తి గీతను, థ్రాటిల్ గీతను ఒకదాని మీద ఒకటి పెట్టి ఎక్కడ పలచబడుతోందో వేలు పెట్టి చూపించారు. అది చూసి మా మెకానిక్ అన్న “గీ టైంలనే అది జర్రసేపు గుంజుడు బంద్ జేస్తది, నాకు నడిపితె తెలుస్తది” అన్నాడు. చదువు చూపించినదీ, ఆయన కాలికి తెలిసినదీ ఒకే గడి దగ్గర కలిశాయి. తాళం వేసిన మ్యాప్‌తో ఈ మనుషులెవరికీ ఆ కారులో పని ఉండదు.

నేను చేయించుకున్నప్పుడు అడిగి తీసుకున్నవి ఇవి: మ్యాప్ ఫైలు, వైర్ల రంగులతో సహా గీసిన డయాగ్రామ్, ఏ సెన్సర్ ఏ కంపెనీదో, దాని క్యాలిబ్రేషన్ అంకెలు, అంటే ఆ సెన్సర్ సిగ్నల్‌ను ఈసీయూ ఎలా చదవాలో చెప్పేవి. మ్యాప్ ఫైలు వాట్సాప్‌లో పంపగలిగేంత చిన్నది. డయాగ్రామ్ లామినేషన్ చేయించి ఒకటి డ్యాష్‌బోర్డు డ్రాయర్లో, ఒకటి వైరింగ్ అన్న షెడ్డులో ఉంచాం. సెన్సర్ క్యాలిబ్రేషన్ అడగడం చాలామంది మర్చిపోతారు. రేపు అదే సెన్సర్ దొరక్క వేరే కంపెనీది వేస్తే, ఆ అంకెలు లేకుండా ఈసీయూ దాన్ని సరిగ్గా చదవలేదు.

ఇదంతా కరీంనగర్ దోస్తుకు ఫోన్లోనే చెప్పాను. అతను మొదట ఒప్పుకోలేదు. ఒరిజినల్ ఈసీయూ వెతుకుతా, అదే పెడతా అన్నాడు. దొరికితే పెట్టుకో, అదే మంచిది అన్నాను, మనస్ఫూర్తిగానే. దొరకలేదు. పోయిన వారం నుంచి షాపులకు ఫోన్లు చేసి, ధర అడిగే ముందే “ఫైలు, పాస్‌వర్డ్ నాకు ఇస్తరా?” అని అడుగుతున్నాడు. చాలామంది మాట దాటేశారట. ఒకళ్లు మాత్రం రాసిస్తాం, ఖర్చు కొంచెం పెరుగుతుంది అన్నారు. కారు అక్కడికే వెళ్తోంది. తిరిగి వచ్చాక 95 కిలోపాస్కల్స్ పైనున్న వరుసలు ఇద్దరం కలిసి చూద్దాం అనుకున్నాం.